సూర్యుడి వెనక పేరు

నేను అవుసలి, అంటే కంసాలి కులంలో పుట్టాను. వెండి నా చెప్పుచేతల్లో ఉంటుందని కరీంనగర్‌లో అందరూ అనేవారు. ఎనభైల మొదట్లో మా జిల్లా సేటు ఒకాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "తమ్మీ, నీ అసుంటి పనోడు ఇంకోడు దొరకడు, దుబాయ్ రా" అన్నాడు. పొంగిపోయాను. అప్పుడు నాకు చదువు లేదు, సంతకమంటే వేలిముద్రే. ఈ రాసే అక్షరాలు తర్వాత పంతం పట్టి నేర్చుకున్నవి.

మా ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే; తీరా దిగింది అబుదాబిలో. అక్కడ ఆయన దుకాణం వెనక గదిలో నా పని. ఎక్కణ్ణుంచో తెచ్చిన పాత పతకం ఒకటి ఇచ్చి, అచ్చం అలాంటివే చేయమన్నాడు. సూర్యుడి ముఖం. ఫిరోజా, పగడం, నల్లరాయి, ముత్యపుచిప్ప, మధ్యలో వెంట్రుక కూడా దూరకుండా పొదిగారు. అబ్బ, ఏం పనితనం! చేసినవాళ్ళ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. వెనకవైపు ఏవో గీతలున్నాయి. "అవి గూడ దించు, డిజైనే" అన్నాడు సేటు. దించాను.

ఒక మధ్యాహ్నం, ఊరి బయట మఫ్రఖ్ వైపు పైపుల వెల్డింగు చేసే అమెరికా మనిషి వచ్చాడు. తెల్లవాడు కాదు, మనలాగే చామనఛాయ. నేను చేసిన పతకం తిప్పి చూసి అక్కడే కూలబడ్డాడు. దాన్ని పట్టుకుని ఏదో భాషలో మెల్లగా మాట్లాడసాగాడు. అది ఇంగ్లీషు కాదని నాకూ తెలిసింది.

కౌంటరులో ఉండే నెల్లూరు భాయ్ ఆయన్ని అడిగి వచ్చి నాకు చెప్పాడు: "అన్నా, ఆయనది జూనీ అనే జాతంట, తెల్లోళ్ళు రాకముందు నుంచీ అమెరికాలో ఉండేవాళ్ళంట. వాళ్ళ భాష వాళ్ళ ఒక్క ఊళ్ళోనే ఉందంట, ప్రపంచంలో దానికి చుట్టం భాషే లేదంట. ఎనక ఉండేది వాళ్ళమ్మ పేరు. ఆమె పొయ్యి మూడేళ్ళయిందంట. మా అమ్మ చేసిందే అని ఏడస్తా ఉండాడు."

సేటు మాత్రం నవ్వుతూ, అమెరికా నుంచి తెప్పించిన అసలు సరుకేనని చెప్పి డబ్బాలో పెట్టి ఇచ్చాడు. నేను గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఇచ్చాను గానీ, అది నేను చేసిందని చెప్పలేదు. ఆయన తాగి, "ఎలాక్వా" అన్నాడు. వాళ్ళ భాషలో థాంక్స్ అట.

ఆయన అటు వెళ్ళగానే సేటు మీద పడ్డాను. "సచ్చిపోయిన తల్లి పేరు నాతోని చెక్కిపిస్తవా? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు చేస్తివి గద సేటూ!"

సేటు చాయ్ తాగుతూనే అన్నాడు. "లొల్లి పెట్టకు తమ్మీ. ఊళ్లె నీకంటె మంచి పనోళ్ళు ఇద్దరుండిరి. ఆళ్ళకు సదువొచ్చు. నీకు రాదనే గద నిన్ను తెచ్చిన."

గొంతు కోసినా అంత బాధ ఉండేది కాదు. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. మర్నాడు పొద్దున్నే కూర్చుని మళ్ళీ అదే పేరు చెక్కాను. ఈసారి ఎవరిదో తెలిసే చెక్కాను.