బోండా కాగితం మీది మొగం

చిత్తూరు గిరింపేటలో 2004 వేసవిలో ఒక పుకారు లేచింది. బస్టాండు దగ్గర చిన్నబ్బ అంగట్లో బోండాలు చుట్టి ఇచ్చే కాగితం మీద చచ్చినవాడి మొగం ఉంటుందట. ఆ పక్కనే ఒక ఆడమనిషి, ఆమె నుదుట రక్తం బొట్టు ఉంటుందట. ఆ బోండా తిన్న ఇంట్లో నెల తిరక్కుండా పీనుగ లేస్తుందట. ఆ కాగితాలు అచ్చువేసి పంచేది మూడో సందులోని ధనంజయేనట. ఇందులో రక్తం మాటా పీనుగ మాటా పచ్చి అబద్ధాలు. ధనంజయ మాట నిజం. ఆ మొగం చచ్చినవాడిదా బతికినవాడిదా అన్నది మాత్రం ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. అందుకే ఈ కథ చెప్పాల్సి వస్తోంది.

పుకారు వరదమ్మ చెవిన పడేసరికి పాలు పొంగుతున్నాయి. ఆమె స్టవ్వు ఆపేసి చెప్పులు వేసుకుంది. చదివింది ఐదో తరగతే అయినా, సందులో ఎవరింటి కుక్కరు ఎన్ని విజిళ్ళు వేసిందో, ఎవరింటికి వచ్చిన చుట్టం ఎందుకు అలిగి వెళ్ళాడో ఆమెకు తెలియకుండా ఉండదు. అలాంటిది పక్క సందులో ఇంత జరుగుతుంటే తనకు తెలియకపోవడం ఆమెకు తల తీసేసినట్టయింది.

"ఏం చిన్నబ్బా, నాలుగు బోండాలియ్యి. ఆ చచ్చినోడి కాగితంలోనే చుట్టు."

"ఊరుకోమ్మా నువ్వొకతి! పొద్దన్నించీ నూనె మరగతా ఉండాది, తినే నరుడు లేడు. ఆ కాగితాలన్నీ పొయ్యిలో పెట్టేసినాను."

"ఒక్కటన్నా లేదా?"

"చట్నీ గిన్నె కింద ఒకటుండాల సూడు. నాకైతే తాకాలంటేనే భయం."

వరదమ్మే తీసుకుంది. అరచేతికి రెండింతలున్న కాగితం. మధ్యలో భుజం మీద తువాలు వేసుకున్న మీసాల మనిషి, పక్కన ఒక ఆడమనిషి. ఆమె బొట్టు నిజంగానే ఎర్రగా ఉంది, ముట్టుకుంటే వేలికి అంటుకుంది. వరదమ్మ వాసన చూసింది. రక్తం కాదు, సిరా. కింద అక్షరాలు కూడబలుక్కుని చదివింది: 'సవరణ. ఐరాల దగ్గర బెల్లం గానుగ మునిరామయ్య చనిపోలేదు. పదేళ్ళ కిందట పత్రికలో పడినది తప్పు. నాగవేణి ఎదురు చూస్తున్నది. ఇంటికి రావలెను.'

ఆమె ఆ కాగితంలోనే బోండాలు చుట్టించుకుని, బస్సు కోసం నిలబడ్డ జనం కళ్ళ ముందే రెండు తినేసింది. మిగిలిన రెండూ పట్టుకుని, పుకారు విని ధనంజయను ఇల్లు ఖాళీ చేయమన్న ఇంటి యజమాని ఓబయ్య దగ్గరికి వెళ్ళింది.

"తిను ఓబయ్యా, నేను తినేసినాను. నెల చూడు, నేను పోతే అప్పుడు ఖాళీ చేయించు."

"నువ్వు యాడ పోతావు తల్లీ, యముడు నీ ప్రశ్నలకి జవాబు చెప్పలేడు!" అన్నాడు ఓబయ్య. బోండా మాత్రం ముట్టుకోలేదు. "నాకు పిల్లలుండారక్కా. నెలాఖరుకి ఆ అచ్చు మిషనూ ఆ మనిషీ బయటికి పోవాల్సిందే. పాత ఇనుమోడికి చెప్పేసినాను కూడా."

ఇంటికి వచ్చినా ఆ మీసాల మొగం వరదమ్మను వదల్లేదు. ఎక్కడో చూసింది. పెళ్ళిలోనా? రేషను షాపులోనా? అన్నం తింటుంటే ఎదురుగా ఉన్నట్టు, కళ్ళు మూస్తే ఇంకా దగ్గరికి వచ్చినట్టు. రెండు రోజులు ఇలాగే గడిచాయి. మూడో రోజు ఊరగాయ జాడీ దించబోతే దాని కిందనుంచే ఆ మొగం ఆమెను చూసింది.

అర మీద పరిచిన పాత పత్రిక అది, నూనె పీల్చి అద్దంలా పలచబడింది. నల్ల గీతల మధ్య అదే తువాలు, అవే మీసాలు, కింద దీపం బొమ్మ. పైన 'శ్రద్ధాంజలి' అని ఉంది. పేరు మాత్రం కిరాణా నారాయణ శెట్టిది. పదేళ్ళుగా ఆ మనిషి తన వంటింట్లోనే ఉన్నాడన్న మాట! వరదమ్మ ఆ కాగితాన్ని చిరగకుండా ఒలిచి తీసింది. తిరుపతిలో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చిన మనవరాలు జాహ్నవిని తోడు తీసుకుని, ఆ కాగితం పట్టుకుని ధనంజయ ఇంటికి నడిచింది.

ధనంజయ ఆమెను చూడలేదు, కాగితాన్ని చూశాడు. రెండు చేతులూ చాచి తీసుకుని, "నూటా నలభై మూడు," అన్నాడు.

"ఏంది నూటా నలభై మూడు?"

ఆయన ఇనప్పెట్టె తెరిచాడు. నూనె మరకలవి, పిల్లల పుస్తకాలకు అట్టలుగా మడిచినవి, గోడ నుంచి ఒలిచినవి. అన్నీ ఒకే రోజు పత్రిక. అన్నిట్లోనూ నల్ల గీతల మధ్య అదే మొగం. పెట్టె మూత తెరవగానే గది నిండా జనం చేరినట్టనిపించింది వరదమ్మకు.

"ఎనిమిది వందలు వేసినామక్కా ఆ పొద్దు. నీదాంతో కలిపి ఇన్ని దొరికినాయి. మిగతావి ఎవురింట్లోనో డబ్బాల కింద ఉండాయి. కాగితం అంత సులభంగా చావదక్కా."

ధనంజయ ముప్పై ఏళ్ళు 'నీవా పత్రిక'లో సీసపు అక్షరాలు కూర్చిన మనిషి. అది చిత్తూరులో సాయంత్రం పూట వచ్చే నాలుగు పేజీల పత్రిక. అచ్చుకు ముందు అక్షరాలు తిరగేసి ఉంటాయి. ఆయన వాటిని మనం మామూలు అక్షరాలు చదివినంత వేగంగా చదివేవాడు. ఫోటోలు వేయాలంటే జింకు రేకు మీద బొమ్మ చెక్కించి చెక్క దిమ్మెకు కొట్టేవాళ్ళు. ఆ బొమ్మా తిరగేసే ఉంటుంది, నల్లటి రేకు మీద మొగం సరిగా ఆనదు. అందుకని దిమ్మె వెనక సుద్దముక్కతో పేరు రాసుకునేవాళ్ళు.

1994 మే నెలలో ఒక రోజు రెండు దిమ్మెలు వచ్చాయి. ఒకటి పోయిన నారాయణ శెట్టిది. రెండోది మునిరామయ్యది. భార్యతో మాటామాటా పెరిగి, "నువ్వు చచ్చినా నా కంట్లో నీళ్ళు రావు" అని ఆమె అన్న మాట పట్టుకుని ఇల్లు వదిలి వెళ్ళినవాడు. కనబడుట లేదు అని వేయించడానికి భార్య నాగవేణి పెళ్ళి ఫోటో తెచ్చి ఇచ్చింది. ఇద్దరికీ మీసాలు, ఇద్దరికీ తువాళ్ళు. చెమట చేతులకు సుద్ద చెరిగిపోయింది. మామూలుగా ముందు ఒక కాగితం మీద ఒత్తి చూసుకుంటారు. ఆ రోజు మూడు గంటల బస్సుకు కట్టలు అందించాలి, కరెంటు అప్పుడే వచ్చింది. ధనంజయ ఒత్తి చూడలేదు, రెండు మొగాలూ తారుమారైపోయాయి.

సాయంత్రానికి ఊరంతా నవ్వింది. నారాయణ శెట్టి ఆచూకీ తెలపమంటే, శ్మశానంలో మూడో వరసలో చూడమన్నారు టీ అంగళ్ళ దగ్గర. మర్నాడు పత్రికలో సవరణ వేశారు, చిన్న అక్షరాల్లో.

"ఆయమ్మ వచ్చిందక్కా," అన్నాడు ధనంజయ. "తిట్టలేదు, ఏడవలేదు. పేపరు చేతిలో పట్టుకోని ఒకే మాట అడిగింది. మా ఆయనకి చదువు రాదు నాయనా, మొగమొకటే తెలస్తాది. ఈ పేపరు యాడిదాకా పోతాది, అనింది."

"నువ్వేం చెప్పినావు?"

"ఏం చెప్పేది? ఐరాలకి పోతాది, పలమనేరికి పోతాది. రెండోనాడు పొట్లమై వేలూరుకి పోతాది. ఆయన ఆ బొమ్మ చూసినాడో లేదో, సవరణ చూసినాడో లేదో. మనిషైతే తిరిగి రాలేదు."

అప్పటినుంచి ప్రతి మే నెలలో పత్రికలో ఒక మూల ఆ సవరణ వేయించేవాడు ధనంజయ. సీసపు అక్షరాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి, అయినా పత్రిక యజమాని కాదనలేదు. పెద్ద పత్రికలు జిల్లాకో పేజీ వేశాయి, సాయంత్రం వార్తలు కేబుల్ టీవీలో కింద పరిగెత్తడం మొదలైంది, చదివేవాళ్ళు రోజురోజుకీ తగ్గారు. 2003లో పత్రిక మూతపడ్డప్పుడు, కావలసింది తీసుకోండయ్యా అన్నాడు యజమాని. అందరూ ఫ్యాన్లూ కుర్చీలూ తీసుకున్నారు. ధనంజయ రెండు గూళ్ళ అక్షరాలు, చేత్తో ఒత్తే చిన్న మిషను, మునిరామయ్య దిమ్మె తెచ్చుకున్నాడు. నాగవేణి మొగానికి ఇంకో దిమ్మె చేయించాడు. ఆమె ఇప్పటికీ బొట్టు పెట్టుకునే ఉందని చదువు రానివాడికి తెలియాలంటే, అది ఎర్రగా ఉండాలి. అందుకని ప్రతి కాగితం మీదా తన వేలితో పెట్టేవాడు. పత్రిక లేదు కనుక, బోండాల వాళ్ళకు, వేరుశనక్కాయల వాళ్ళకు, అలిపిరి దగ్గర మరమరాలు అమ్మేవాళ్ళకు ఊరికే పంచేవాడు.

"బస్టాండులో తినేవాళ్ళ మొగాల్లోకి చూస్తా ఉంటావంటారు, అందుకా!" అంది వరదమ్మ.

"తినేటప్పుడు మనిషి తల దించతాడక్కా. అందరూ ఆయన మాదిరే ఉంటారు."

జాహ్నవి ఉండబట్టలేకపోయింది. "తాతా, నెట్ సెంటర్లో నేను పెడతాను, రెండు ఫోటోలూ. మిషనుతో పనే లేదు, ఓబయ్యతో గొడవే లేదు. చెడిపోదు, చిరగదు. ప్రపంచంలో యాడున్నోడైనా వెతికితే చాలు, కనపడతాది."

"వెతికితేనేనా పాపా?"

"ఆఁ. వెతికితేనే."

ధనంజయ తల ఊపి, మిషను మీద ఆరబెట్టిన కాగితం ముందుకు లాక్కున్నాడు. కిటికీలోంచి ఓబయ్య గొంతు వినిపిస్తోంది, పాత ఇనుము మనిషితో మిషను బరువు గురించి మాట్లాడుతున్నాడు.

వరదమ్మ ఎదురుగా చతికిలబడింది. "ధనంజయా, ఒక మాట అడగతాను, దాచకుండా చెప్పు. పదేండ్లాయె. ఊరు నిన్ను దయ్యం పట్టినోడంటా ఉండాది, రేపో మాపో ఇల్లు కూడా పోతాది. పిల్ల చెప్పినట్టు చేయకుండా ఇంకా ఈ కాగితాలు పట్టుకోని యాలాడేది ఎందుకబ్బా?"

ఆయన చూపుడు వేలు ఎర్ర సిరాలో ముంచి, నాగవేణి నుదుటి మీద మెల్లగా ఆనించి తీశాడు.

"తను చచ్చిపోయినట్టు కళ్ళారా చూసినోడు తన మొగం తాను వెతుక్కుంటాడా అక్కా? వెతకడు. ఆకలి మాత్రం వేస్తాది."