చీరల కొట్టు ముందు మిరపకాయల పొగ

గుంటూరు బజారులో మా నాన్న చీరల కొట్టు తాతగారి నాటిది. ముందు కొట్టు, వెనక ఇల్లు. పొన్నూరు నుంచి కూడా పెళ్ళివాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చి, తెల్లటి పరుపుల మీద కూర్చుని మంగళగిరి చీరలు విప్పించుకునేవారు. చీరల కోసం వచ్చేవాళ్ళు సగమైతే, నాన్న కోసం వచ్చేవాళ్ళు సగం. ఆయన వార్డు కౌన్సిలరు. వీధి దీపం వెలగకపోయినా, కుళాయి దగ్గర బిందెల తగువైనా ఆ పరుపు మీదే తేలాలి. "ఊరి గోలంతా నెత్తినేసుకోకపోతే మీకు తోచదా?" అని అమ్మ విసుక్కునేది.

నాకు సంబంధాలు చూస్తున్న ఏడాది మునిసిపల్ చైర్మన్ ఎన్నికొచ్చింది. కౌన్సిలర్లే రహస్యంగా చీటీలు వేసి ఎన్నుకోవాలి. ఒకపక్క ఓ వకీలుగారు, ఇంకోపక్క ఓ మిర్చి వ్యాపారి. నాన్న వకీలుగారికి మాటిచ్చేశాడు. అది తెలిసే మిర్చి వ్యాపారి భార్య, ఆ మహాతల్లి, ఒక మధ్యాహ్నం పెరటి దారిన వచ్చి అమ్మకి బొట్టు పెట్టి, రవికెల గుడ్డ, తాంబూలం చేతిలో పెట్టింది. ముత్తైదువ ఇచ్చిన తాంబూలం కాదనడం మా ఇళ్ళలో ఎరగం. అమ్మ కళ్ళకద్దుకుని పుచ్చుకుంది.

"ఇంక మీ ఓటు మాదే వదినా," అని నవ్వుతూ వెళ్ళిపోయిందావిడ. సాయంత్రానికి బజారంతా అదే మాట.

"ఎంత పని చేశావే," అన్నాడు నాన్న. కసురుకోలేదు. చీటికీ మాటికీ కసిరే మనిషి అలా మెల్లగా మాట్లాడేసరికి నాకు భయమేసింది.

మర్నాటి నుంచి ఆ వ్యాపారి మనుషులు మా అరుగు మీద చేరారు. బీడీలు కాల్చేవారు, కాల్చి లోపలి చీరల బీరువాల వంక చూసేవారు. నేను తలుపు సందులోంచి ఆ బీడీ నిప్పులే చూస్తూ నిలబడేదాన్ని. నాన్న బయటికెళ్తే తిరిగొచ్చేదాకా అమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు.

వకీలుగారు ఒక్క ఓటుతో గెలిచారు.

ఆ మర్నాడు పట్టపగలే వ్యాపారి మనుషులు కొట్టు ముందు కుంపటి పెట్టి, గుప్పెళ్ళతో ఎండు మిరపకాయలు పోశారు. పొగ లోపలికి కమ్మేసింది. పరుపు మీదున్న పెళ్ళివాళ్ళు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దగ్గుతూ లేచిపోయారు. ఇదేమిటని నాన్న అడిగితే, "దిష్టి తీస్తున్నామండీ," అన్నారు. బేరం ఎప్పుడొస్తే అప్పుడు కుంపటి రాజేసేవారు. ఏ నిప్పురవ్వ లోపలికి ఎగిరి పడుతుందోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉండేవాళ్ళం. వకీలుగారికి కబురు పెడితే "చూద్దాం లెండి" అన్నారు, అంతే. మడతమడతకీ మిరప ఘాటు పట్టిన చీర పెళ్ళికూతురికి ఎవరు కొంటారు? మనుషులు రావడం మానేశారు. తగువులు తీర్చమనీ ఎవరూ రాలేదు.

నాన్న కౌన్సిలుకి రాజీనామా ఇచ్చి, సరుకంతా బండెక్కించి మంగళగిరి పంపేశాడు. ఖాళీ కొట్టులో అమ్మ చతికిలబడి ఏడ్చింది.

"పోతే పోయింది. ఇచ్చిన మాట మీద నిలబడ్డారు, నాకదే చాలు," అంది.

నాన్న వీధి వైపు చూసి తలుపు దగ్గరగా వేశాడు.

"వకీలుగారికి వెయ్యలేదే. భయపడి వాళ్ళకే వేశాను."

అమ్మ ఏడుపు ఆగిపోయింది. "మరా మాట వాళ్ళతో చెప్పకపోయారా?"

"చెప్పానే. చేతులు పట్టుకుని మరీ చెప్పాను. తను ఓడిపోయిన దగ్గర్నుంచీ ప్రతివాడూ ఇదే చెబుతున్నాడు, పొమ్మన్నాడా మిర్చి వ్యాపారి."