చాచా చెప్పిన కోడలి కథ

చాచా నెల్లూరులో పోయారని మొన్న మధ్యాహ్నం ఆయన పెద్దకొడుకు ఫోన్ చేశాడు. సెలవు మీద వెళ్ళి పన్నెండు రోజులే అయింది. రెండువేల రెండు నుంచి ఆరేళ్ళు దుబాయ్‌లో ఒకే హోటల్ బార్‌లో పనిచేశాం, అల్ కుసైస్‌లో ఒకే గదిలో ఉన్నాం; బాబాయి అన్నట్టు అందరం ఆయన్ని చాచా అనేవాళ్ళం. ఆ ఆరేళ్ళూ ఆయన్ని చూసి కుళ్ళుకున్నాను. పోయిన మనిషి దగ్గర అబద్ధం ఎందుకు?

చాచా చుక్క ముట్టని మనిషి. అయినా ఒక అమెరికా బర్బన్ విస్కీ గురించి ఆయన చెబుతుంటే తెల్లదొరలు గ్లాసు కింద పెట్టి వినేవాళ్ళు. ఐదు తరాలుగా ఒకే కుటుంబం మొక్కజొన్నతో కాస్తున్న సరుకు అది. వాళ్ళ తాత పొలంలో బట్టీ పెట్టడం, పీపాల కొట్టం తగలబడటం, సర్కారు మద్యం నిషేధించి తాళం వేయించడం, అన్నీ కళ్ళారా చూసినట్టే చెప్పేవారు. ఆ నిషేధం ఎత్తేసేదాకా ఆ ఇంటి కోడలు, మొక్కజొన్నను పులియబెట్టే తాతనాటి ఈస్టును వంటింట్లో జాడీలో బతికించిందట.

"మనం పెరుక్కి తోడు దాచుకోమా అబ్బయా, అట్టనే" అని నాకు విడమరిచేవారు.

ఇంగ్లీషు నాకే బాగా వచ్చు. అయినా వచ్చినవాడల్లా చాచా ఎక్కడని అడిగేవాడు. ఒళ్ళు మండేది. ఆ కథే నేనూ చెప్పి చూశాను. వింటున్నాయన మధ్యలో బిల్లు అడిగాడు.

గదిలోనూ ఆయనదే పైచేయి. ఊరి నుంచి తెచ్చిన తోడుతో రోజూ పెరుగు వేసేవారు. రెండేళ్ళ కిందట సెలవుకెళ్తూ గిన్నె నా చేతిలో పెట్టారు. "మా అమ్మ చేతి తోడు అబ్బయా. ఒక్క రోజు కూడా మానబాక."

కావాలనే మానేశాను. బూజు పట్టింది. ఆయన వచ్చే ముందురోజు బకాలాలో, అదే కిరాణా కొట్లో, డబ్బా పెరుగు కొని దాంతో పాలు తోడేశాను.

చాచా ఒక ముద్ద తిని నా వంక చూశారు. "కొత్త కోడలొచ్చిందే ఇంట్లోకి!"

తల దించుకున్నాను.

"పోనీలే. నాలుగు రోజులు మన చేత్తో తోడేస్తే మన మనిషైపోద్ది" అని ఇంకో గరిటె వడ్డించుకున్నారు. గదిలో మిగతావాళ్ళెవరికీ చెప్పలేదు. తిట్టినా బాగుండేది. ఆ పెద్దమనసుకి కూడా కుళ్ళుకున్నాను, ఛీ!

ఈసారి వెళ్తూ కూడా గిన్నె నాకే ఇచ్చారు.

నిన్న బార్‌లో ఒకాయన చాచా ఏరని అడిగాడు. పోయారని చెప్పాను. గ్లాసు కింద పెట్టి, అయితే ఆ కథ నువ్వే చెప్పమన్నాడు. ఆరేళ్ళు నేను కాచుక్కూర్చున్న మాట అది. కోడలి దాకా వచ్చేసరికి ఆపేసి, తుడిచిన గ్లాసులే మళ్ళీ తుడవడం మొదలెట్టాను.

ఇవాళ డ్యూటీకి బయల్దేరే ముందు పాలు కాచి, వేలు ముంచి వేడి చూసి, గిన్నెలోని నిన్నటి పెరుగు ఒక చెంచా తోడేశాను. ఏసీ చలికి చాచా చేసినట్టే గిన్నెను దుప్పటిలో చుట్టి, ఆయన మంచం మీద పెట్టాను.