ఎల్లమ్మ ఎక్కిన సంచి

బండి మీద చాలాదూరం పోవడానికీ, దిగి నడవడానికీ పనికొచ్చే సంచి కావాలని నా దుకాణానికి రోజూ ఎవరో ఒకరు వస్తారు. రాయచూరు తీన్ కందీల్ కూడలి దగ్గర సంచులమ్ముతూనే నా తల నెరిసింది. గిరాకీ గుమ్మం ఎక్కగానే ఏ సంచి కొంటాడో చెప్పేయగలనని కొంచెం పొగరు కూడా ఉంది. కాలేజీ కుర్రాడు రంగు చూస్తాడు. మందుల కంపెనీవాడు అరలు చూస్తాడు. తన నడుము సంగతి ఎవడూ చూసుకోడు. సంచి కొనాల్సింది నడుముకు గాని భుజానికి కాదని చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

ఇడపనూరు అయ్యమ్మ దగ్గర ఆ పొగరు ఎందుకూ కొరగాలేదు. యాభై దాటిన మనిషి, మెడకు ఆసుపత్రివాళ్లు వేసిన పట్టీ. వెనకే ఆమె తమ్ముడు యల్లేశ్, పసుపు గుడ్డ కప్పిన వెదురు గంపను రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. కింద పెట్టవయ్యా అంటే పెట్టడు.

"సంచి నాకు గాదు సావుకారీ, తల్లికి," అంటూ అయ్యమ్మ గుడ్డ తీసింది. ఇత్తడి ముఖం, వేపాకు, గవ్వల దండ, నాలుగు నెమలీకలు. ఎల్లమ్మ.

నాకు దేవుళ్ల మీద గొప్ప భక్తీ లేదు, వాళ్లతో తగాదా కూడా లేదు. స్టూలు తుడిచి వేశాను. గంప దాని మీద పెట్టాక యల్లేశ్ సంగతంతా చెప్పాడు.

అత్త నుంచి అయ్యమ్మకు వచ్చిన గంప అది. పొలం పనులున్నన్నాళ్లు ఆమె కూలికి పోతుంది. పంట ఇళ్లకు చేరాక మంగళవారం, శుక్రవారం గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరుగుతుంది. ఆమె గుమ్మం ముందు నిలబడితే ఇంటి ఆడవాళ్లు చెంబుతో ఆమె కాళ్ల మీద నీళ్లు పోసి, పసుపు రాసి మొక్కుతారు. గంప నెత్తిన ఉన్నంతసేపూ ఆ కాళ్లు ఎల్లమ్మవే. దించితే మళ్లీ కూలి అయ్యమ్మవి. ఇప్పుడు మెడ ఎముకలు అరిగాయి. నెత్తిన నీళ్ల చెంబు కూడా పెట్టొద్దన్నాడట డాక్టరు.

"ఇంట్లనే పెట్టుకొని పూజ చేసుకో అంటున్నరు అందరు," అంది అయ్యమ్మ. "తిరిగే తల్లి సావుకారీ ఇది. ఇంట్ల కట్టేస్తె ఉంటదా? ఇది పోక, నేను పోక, నేనెట్ల బతకాలె? ఊర్లోళ్లు ఒప్పుకుంటరో లేదో తెల్వదు. గని ఎట్లన్న చేసి పోవాలె."

పొలిమేర దాకా తమ్ముడి మోటారుబండి, అక్కణ్ణుంచి నడక. ఒళ్లో పెట్టుకుని బండెక్కితే గుంతల్లో గంప జారిందట.

సరే, చూపించడం మొదలుపెట్టాను. నల్ల సంచి తీస్తే నలుపు వద్దంది. ఇంకోదానికి అడుగున తోలు ముక్క ఉంది, దాన్ని ముట్టుకోనే లేదు. అప్పుడు నేను దుకాణంలోకెల్లా మంచి సంచి దించి, దాని గొప్పతనం చూపించాలని కింది అర తెరిచాను. "చూడమ్మా, చెప్పులు పెట్టుకునేటందుకు వేరే జాగ."

అక్కాతమ్ముళ్లిద్దరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు.

"తల్లి కింద చెప్పులా?" అన్నాడు యల్లేశ్. ఇన్నేళ్ల వ్యాపారంలో నాలుక కరుచుకున్న సందర్భాల్లో అదొకటి. సంచిని మళ్లీ కనపడకుండా లోపల పడేశాను.

చివరికి కుంకుమ రంగు సంచి కుదిరింది. వీపుకు ఆనేచోట గాలి ఆడే వలగుడ్డ, నడుముకు వెడల్పాటి పట్టీ, ఛాతీ మీద ఇంకో సన్న పట్టీ ఉన్నాయి. జిప్పు మూస్తే తల్లికి ఊపిరాడదని అయ్యమ్మ పట్టుబట్టింది. పై మూత కోసేసి, అంచుకు వెదురు బద్ద పెట్టి నేనే కుట్టిచ్చాను. బరువెంతో తెలిస్తే పట్టీలు సరిచేస్తానంటే, "తల్లి బరువు అడుగొద్దు," అంది. అడగలేదు.

ముఖం ఎటు పెట్టాలన్నది పెద్ద పంచాయితీ అయింది. ముందుకు తిప్పితే తల్లికి అయ్యమ్మ కొప్పు తప్ప ఇంకేమీ కనపడదు. సంచినే పొట్టమీదికి వేసుకుంటే మెడ మళ్లీ లాగుతుంది. ఇక మిగిలింది వెనక్కి చూడడమే. అయ్యమ్మకు అదే భయం.

"ఎనకకు సూసుకుంట ఊర్లెకు పోతే ఊరికి వచ్చినట్ల అయితదా, ఊరిడిసి పోతున్నట్ల అయితదా?"

ముఖం అంచు పైనుంచి వెనక్కి కనపడేలా గంపను సంచిలో దించమని యల్లేశ్‌కు చెప్పాను. "ముందు ఏసుకొని చూడమ్మా," అన్నాను.

నడుము పట్టీ ముందు బిగించమన్నాను, తర్వాత భుజాలవి, చివర ఛాతీది. ఆమె దుకాణం దిగి రోడ్డు మీద కొంతదూరం నడిచి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"సావుకారీ, తల్లి ఇందుల ఉందా?"

"ఉంది గదమ్మా. నెమలీకలు కనపడుతున్నయి."

"బరువే తెలుస్తలేదు. నెత్తిన ఉంటే మెడ ఇరిగిపోయేది, ఉందని తెలుస్తుండె. ఇప్పుడు ఖాళీ సంచి ఏసుకున్నట్లుంది. నన్ను ఇడిసిపెట్టి పోయిందేమొ." కళ్లనిండా నీళ్లు.

బరువు తెలియడం లేదని చెప్పి మెచ్చుకున్నవాళ్లున్నారు గాని, ఏడ్చినవాళ్లను నేను చూడలేదు. బరువు ఎక్కడికీ పోలేదు, నడుము మీదికి దిగిందని చెప్పాను. "అదంత నాకెరుక లేదు. జర నొచ్చేటట్ల చెయ్యి," అంది.

నడుము పట్టీ వదులు చేశాను. సంచి వెనక్కి జారి భుజాలను లాగింది. "ఆ, ఇప్పుడుంది," అని అయ్యమ్మ కళ్లు తుడుచుకుంది. మంచి సంచిని చెడగొట్టి అమ్మడం నా జన్మలో అదే మొదలు. నాకు ఆమె మీద జాలేసింది, సంచి మీద కూడా.

ఆ వచ్చే మంగళవారం వాళ్లు గిల్లేసూగూరుకు పోతారని తెలిసి నేనూ స్కూటరు తీశాను. మంగళవారం నా దుకాణానికి సెలవు. పోయింది దేవుడి కోసం కాదు, కొత్తగా వేసిన నా కుట్టు నిలుస్తుందా లేదా అని.

పొలిమేరలో బండి దిగి అయ్యమ్మ నడిచింది. ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. అలవాటుగా ఆమె తలకు పైన చూశారు. అక్కడేమీ లేదు. చూపులు దించుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెంబులు చేతుల్లోనే ఉండిపోయాయి.

అరుగు మీద కూర్చున్న ఉలిగప్ప అనే పెద్దాయన, ఆమె దాటిపోయాక సంచిలోంచి వెనక్కి చూస్తున్న ముఖాన్ని చూశాడు. "ఏందమ్మ ఇది? దేవరు ఊర్లెకు వస్తున్నదా, ఊరిడిసి పోతున్నదా?"

అయ్యమ్మ భయపడ్డ మాటే. ఆమె భుజం పట్టీని గట్టిగా పట్టుకుని ఆగిపోయింది. వెనక్కి పోదామన్నట్టు యల్లేశ్ బండి వైపు చూశాడు.

ఆ ఊళ్లో మొదటి నీళ్లు ఎప్పుడూ ముసలి సుంకవ్వవే. ఆ తర్వాతే మిగతావాళ్లు. సుంకవ్వ నడుము కొడవలిలా వంగిపోయింది, నేల తప్ప ఇంకేదీ కనపడదు. ఈ గొడవంతా ఆమెకు పట్టలేదు. అయ్యమ్మ పాదాలు గుర్తుపట్టి నేరుగా వాటి దగ్గరికే వచ్చి చెంబు వంచబోయింది.

"అవ్వా, తల్లి నెత్తిన లేదు. ఎనక ఉంది," అన్నాడు యల్లేశ్.

సుంకవ్వ ఆగింది. అయ్యమ్మ కొంగు పట్టుకుని మెల్లగా ఆమె వెనకవైపుకు వచ్చింది. సంచిలో ఇత్తడి ముఖం ఆమె కళ్లకు ఎదురుగా ఉంది.

"గిట్లుంటవా తల్లీ నువ్వు?" అంది. "నడుము వంగినకాడి నుంచి నీ మొగం సూడలే. కాళ్లకు నీళ్లు పోసి ఇంట్లకు పోతుంటి."

ఆ ఇత్తడి చెంప మీద చెయ్యి పెట్టి గట్టిగా ఏడ్చింది. తర్వాత ఆమె అక్కడే, వెనక నిలబడే నీళ్లు పోసింది. నీళ్లు అయ్యమ్మ మడమల మీద పడ్డాయి. బీటలు వారిన మడమలవి. ఇన్నేళ్లలో ఎవరూ వాటిమీద నీళ్లు పోయలేదు, అందరూ ముందునుంచి వేళ్ల మీద పోసినవాళ్లే.

మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరే సుంకవ్వ వెనక చేరారు. ఉలిగప్ప అరుగు దిగి తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని వరసలో నిలబడ్డాడు. అయ్యమ్మకు ఇదేదీ కనపడటం లేదు.

"ఎనక ఏమైతున్నదిరా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"పోస్తున్నరక్కా. అందరు పోస్తున్నరు."

"తెలుస్తుంది. పగుళ్లు మండుతున్నయి."

తర్వాత చేత్తో నన్ను పిలిచింది.

"సావుకారీ, ఆ నడుము పట్టీ బిగించు."

"నొప్పి తెల్వాలంటివి గదమ్మా?"

"ఇగ ఏం అక్కర్లేదు, బిగించు. ఇంక ఊరంత తిరగాలె."

పట్టీ లాగి బిగించాను. సంచి పైకి జరిగి నడుము మీద కూర్చుంది. అయ్యమ్మ పక్కింటి గుమ్మం వైపు నడిచింది. చెంబులో మిగిలిన నీళ్లు పట్టుకుని సుంకవ్వ ఆమె వెనకే పోయింది.