ముల్లు ముప్పై మీద నిలిచిన రోజు

నా చిన్నప్పుడు మా తాతయ్య కారులో ముందు సీటు నాది. కావలి నుంచి నెల్లూరు దాకా ఆయన పక్కన కూర్చుని, స్పీడు మీటరులో ముల్లు ఎక్కడుందో పైకి చదవడం నా ఉద్యోగం. ఒక వేసవిలో ఆ ముల్లు వణకడం మొదలుపెట్టింది. ఇరవై నుంచి యాభైకి ఎగిరేది, మళ్ళీ పడిపోయేది. ఆ సెలవుల్లోనే, నాకంటే రెండేళ్ళు పెద్దవాడైన మా పెద్దమ్మ కొడుకు కొత్త చేతిగడియారంతో మా ఇంటికి వచ్చాడు.

మీటరు చెడితేనేం, రెండు మైలురాళ్ళ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తే వేగం తెలిసిపోతుందన్నాడు. తాతయ్య మురిసిపోయారు. "అబ్బయా, నువ్వు ముందు కూర్చో. అమ్మణ్ణీ, నువ్వు ఎనక్కి పో."

వెనక సీటులోంచి నేను రోడ్డును చూడలేదు. అన్న మణికట్టునే చూశాను. ఆ గడియారం ఆగిపోవాలని మనసారా కోరుకున్నాను.

తాతయ్య కారు బాగుచేసే సాయిబు గారు మరమ్మతుకు వచ్చారు. తప్పు మీటరుదా, దాన్ని తిప్పే తీగదా అన్నది ముందు తేల్చాలన్నారు. గేరుపెట్టె నుంచి మీటరు దాకా ఒక గొట్టంలో సన్నని ఉక్కుతీగ తిరుగుతుంది. మీటరు వెనక దాన్ని విప్పి, మీటరు ఇరుసును వేళ్ళతో గిర్రున తిప్పారు. ముల్లు వణుకు లేకుండా కాస్త లేచి, మెల్లగా దిగింది. అంటే మీటరు మంచిదే. తీగను బయటికి లాగితే, ఉప్పుగాలికి అక్కడక్కడ తుప్పు పట్టి ఉంది. కిరసనాయిలుతో కడిగి, గ్రీజు పూసి, గ్రీజు మీటరులోకి ఎక్కకుండా పై చివరను మాత్రం పొడిగా వదిలేశారు. గొట్టం మరీ వంగిన చోట వంపు సడలించారు.

పరీక్షించడానికి అందరం రోడ్డెక్కాం. సాయిబు గారు నా పక్కన కూర్చున్నారు. ముల్లు ముప్పై మైళ్ళ మీద గోడకు కొట్టిన మేకులా నిలిచింది. అన్న రాయికీ రాయికీ మధ్య డెబ్బై అయిదు సెకన్లు లెక్కపెట్టి, "నలభై ఎనిమిది! మీటరు ఇంకా తప్పే తాతయ్యా" అన్నాడు. అయితే మీటరు ఊడదీసి మద్రాసు పంపుదామన్నారు తాతయ్య. సాయిబు గారి ముఖం చిన్నబోయింది.

"తప్పు మీటరుది కాదు, అన్నదే!" అని అరిచాను. "గడియారం కట్టుకుంటే అన్నీ వచ్చేస్తాయా?"

సాయిబు గారు నా వైపు తిరిగారు. "ఏది తప్పు పాపా? గడియారమా, లెక్కా, రాయా?"

నేను మళ్ళీ అన్న మణికట్టు వైపే చూశాను.

ఆయన కారు ఆపించి మమ్మల్ని ఇద్దరినీ దింపారు. అన్న గడియారాన్ని తాతయ్య గడియారంతో సరిపోల్చాం. రెండూ సమంగా నడుస్తున్నాయి. రోడ్డు పక్క దుమ్ములో వేలితో భాగహారం చేశాం. అదీ సరిగ్గానే ఉంది. మిగిలింది రాయి. అన్నే దాని దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. అంకె కింద కొత్త రంగుతో చిన్న అక్షరాలు: కి.మీ. మైళ్ళు పోయి కిలోమీటర్లు వస్తున్న రోజులవి. సంగతి అందరికీ తెలుసు, రాయిని మాత్రం ఎవరూ చదవలేదు. ఎనిమిది కిలోమీటర్లకు అయిదు మైళ్ళు. నలభై ఎనిమిదికి సరిగ్గా ముప్పై. ఇన్నేళ్ళ జ్ఞాపకాన్ని నేను అంత తేలిగ్గా నమ్మను గాని, ఈ అంకెలను మాత్రం ఎన్నిసార్లు లెక్కవేసినా సరిపోతున్నాయి.

"రాయి చూడకుండా లెక్కేసినాను తాతయ్యా, నాదే తప్పు" అన్నాడు అన్న. తర్వాత ముందు తలుపు తెరిచి, నన్ను కూర్చోమన్నాడు.

నేను గెలిచినట్టు సాయిబు గారి వైపు చూశాను. ఆయన నాకు మాత్రమే వినబడేలా, "నువ్వు చెప్పింది నిజమే పాపా. తెలిసి చెప్పలేదు గదా" అన్నారు.

ముందు సీటు తిరిగి నాదయింది. ఆ దారిలో ముల్లు ఎక్కడుందో ఒక్కసారి కూడా చదవలేకపోయాను.

తర్వాత జీవితమంతా ఇతరుల కొలతలను సరిచూసే పనిలోనే గడిపాను. నాకంటే పేరున్నవాళ్ళ ఫలితం చేతికి వస్తే, ఇది తప్పై ఉండాలని లోపల ఎవరో ఇప్పటికీ అరుస్తారు. ఆ గొంతు పన్నెండేళ్ళ పిల్లది, నేను గుర్తుపడతాను. గడియారమా, లెక్కా, రాయా అని దాన్ని అడుగుతాను. అది జవాబు చెప్పలేనప్పుడు నోరు మెదపకుండా కారు దిగి, రాయి దాకా నడుస్తాను.