దాహం ఆపే నేర్పు

నాంచారమ్మ ఎడమ మూత్రపిండం ఫిల్ములో కనిపించకపోయేసరికి నేను మొదట తిట్టుకున్నది ఫిల్ము కడిగే డెవలపర్ మందుని. బెజవాడలో పందొమ్మిదేళ్ళుగా ఎక్స్‌రేలు తీస్తున్నవాణ్ణి. ఫిల్ము పాడైతే ఎలా ఉంటుందో, మనిషి పాడైతే ఎలా ఉంటుందో తెలియనివాణ్ణి కాదు. అయినా ఆ రోజు తెలియనట్టే మొండికేశాను, ఎందుకంటే ఆమె మా ఇంటి మనిషి లాంటిది. ఆ 'లాంటిది' అన్న మాట ఎంత బడాయో తర్వాత తెలిసొచ్చింది.

నాంచారమ్మది కైకలూరు అవతల కొల్లేటి ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ళ పల్లె. మొగుడు కొండలయ్య వల వేస్తాడు, ఆమె తెల్లవారుజామున బుట్ట నెత్తినెత్తుకుని పాసింజరు బండెక్కి బెజవాడలో దిగుతుంది. మొగల్రాజపురం సందుల్లో పదకొండేళ్ళుగా ఆమె కేక వినబడితే టైమెంతైందో చూసుకోనక్కర్లేదు. మా ఆవిడ శాంతకుమారి హైస్కూల్లో లెక్కల టీచరు. బేరానికి దిగిందంటే కూరగాయలవాళ్ళు దణ్ణం పెట్టి పోతారు. నాంచారమ్మ దగ్గర మాత్రం పప్పులుడకవు. "పంతులమ్మగారూ, పిల్లకాయల్ని బెదిరించినట్టు బెదిరిస్తే కొరమేను బెదిరిద్దా ఏందండీ?" అనేది.

డెబ్బై ఆరు ఎండాకాలంలో ఒక రోజు బుట్ట దించుతూనే నడుం పట్టుకుని మెట్టు మీద కూలబడింది. రెండేళ్ళుగా ఇంతేనట, బుట్ట బరువనుకుందట. మూత్రం ఎర్రగా వస్తోందని మా ఆవిడ చెవిలో చెప్పింది. నేను పనిచేసే ఆసుపత్రికి తీసుకెళ్ళి డాక్టరు భానుమూర్తిగారికి చూపిస్తే, రంగుమందు ఎక్కించి మూత్రపిండాల ఫొటోలు తీయమని రాశారు.

ఈ పరీక్షకు వచ్చేవాళ్ళందరికీ నేనొక ఉపన్యాసం ఇస్తాను. ముందురోజు సాయంత్రం ఆముదం తాగాలి, పేగుల్లో ఏమన్నా మిగిలితే మూత్రపిండాలకు అడ్డొస్తుంది. అప్పట్నుంచి పరీక్ష అయ్యేదాకా చుక్క నీళ్ళు ముట్టకూడదు, అప్పుడే మందు చిక్కగా దిగి బొమ్మ బాగా పడుతుంది. నరానికి సూది వేయగానే ఒళ్ళంతా వెచ్చనౌతుంది, నోరు చేదెక్కుతుంది, కాసేపట్లో తగ్గిపోతుంది. అయిదు నిమిషాలకొకటి, పది నిమిషాలకొకటి, పావుగంటకొకటి ఫొటో తీస్తాను. ఊపిరి బిగబట్టమన్నప్పుడు బిగబట్టాలి. అంతా అయ్యాక మూత్రానికి వెళ్ళొస్తే చివరి ఫొటో.

నీళ్ళ దగ్గరే అందరూ గొడవ పెడతారు. ఒక ప్లీడరుగారైతే కాఫీ తాగొచ్చి, కాఫీ నీళ్ళెలా అవుతుందని నాతోనే వాదించారు. నాంచారమ్మ మాత్రం పకపకా నవ్వింది.

"ఇదా బాబుగారూ పరీచ్చ? నేను రోజూ చేసేదే గదండీ!"

నేనూ నవ్వేశాను. రోజూ ఎందుకు చేస్తున్నావని అడగాలని ఈ బుర్రకు తట్టలేదు.

ముందురోజే ఆసుపత్రిలో చేర్పించాం. పొద్దున్నే వెళ్ళి ఆముదం ఎలా ఉందని అడిగితే, "ఆముదం సంగతట్టా ఉంచండి, ఆ దొడ్డిగదికి లోపల గడియుందండీ!" అంది, కళ్ళింత చేసుకుని. వెళ్తే ఒక పట్టాన బయటకు రావడంలేదని నర్సులు గొణుగుతున్నారు. దానికీ నవ్వాను.

సూది పడగానే "అమ్మో, ఒళ్ళు కాగిపోతందండీ" అంది. చెప్పానుగా, తగ్గుతుందన్నాను. తగ్గింది. అయిదు నిమిషాల ఫిల్ము కడిగి దీపం ముందు పెట్టాను. కుడివైపు మూత్రపిండం చిక్కుడు గింజలా తెల్లగా, ముచ్చటగా ఉంది. ఎడమవైపు చీకటి. ఆ చీకటి కింద రేగ్గింజంత రాయి. పది నిమిషాల ఫిల్ములోనూ అంతే. పావుగంటకూ అంతే. డెవలపర్ పారబోసి కొత్తది కలిపాను. అరగంటకు తీశాను, రెండు గంటలకు తీశాను. కుడివైపు మందంతా వచ్చి వెళ్ళిపోయింది కూడా, ఎడమవైపు చుక్క తెలుపు లేదు. ఎప్పుడో ఎండిపోయిన మూత్రపిండాన్ని మోసుకుంటూ ఈ మనిషి మా వీధులన్నీ తిరిగింది.

బల్లమీంచి ఆమె అడిగింది. "అయిపోయిందా బాబుగారూ? సాయంత్రం బండందిద్దా?"

భానుమూర్తిగారు మెత్తగానే చెప్పారు. రాయి అడ్డుపడి ఎడమ కిడ్నీ పూర్తిగా పోయింది, ఇక పనిచేయదు. నాంచారమ్మ చలించలేదు. "రెండిచ్చాడుగదండీ దేవుడు, ఒకటుందిగా" అంది.

"రోజుకెన్ని నీళ్ళు తాగుతావమ్మా?"

"ఇంటికాడైతే తాగుతానండీ. బుట్టెత్తినరోజు తాగను."

"రోజూ ఎత్తుతావుగా?"

"ఆ... రోజూ ఎత్తుతానండీ."

అప్పుడు చెప్పుకొచ్చింది. చీకటుండగానే ఆడాళ్ళంతా గట్టు చాటుకెళ్ళొస్తారు. మళ్ళీ చీకటి పడి ఇల్లు చేరిందాకా లేదు. రైల్లో ఉన్న దొడ్డి తలుపుకే బుట్టలన్నీ ఆనించి పెడతారు. ఊళ్ళో తిరిగేటప్పుడు సందు చాటుకు పోతే వెనకాలే కుక్కలు, కాకపోతే మొగాళ్ళు. అందుకని వాళ్ళ పల్లెలో కొత్తకోడలు బుట్టెత్తే ముందు అత్త మూడు రోజులు వెంటబెట్టుకుని తిప్పుతుంది. నాలిక పిడచకట్టుకుపోతే తమలపాకు ఎట్టా నమలాలో, మధ్యాహ్నం దాకా ఓర్చుకుంటే ఆ తర్వాత దాహం దానంతటదే ఎట్టా చస్తదో నేర్పుతుంది. బేరం చెయ్యడం ఆ తర్వాత.

"మా అత్త కొండలమ్మ ఇందులో చెయ్యి తిరిగిన మనిషండీ. మూడో రోజుకే నాకొచ్చేసింది" అంది గర్వంగా.

డాక్టరుగారు కళ్ళజోడు తీశారు. "ఆ రాయి అందుకే పుట్టిందమ్మా. నీళ్ళు తాగకపోబట్టే."

కిడ్నీ పోయిందంటే బెదరని మనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆదెమ్మకి నేనే నేర్పానండీ" అంది. ఆదెమ్మ ఆమె కోడలు, మొన్న ఉగాది నుంచీ బుట్టెత్తుతోంది. "పిల్ల ఏడ్సిందండీ, దాహమని. నేనే చెయ్యి మీద ఒకటేశాను."

భానుమూర్తిగారు చీటీ రాశారు. అత్తా కోడలూ రోజుకు పన్నెండు గ్లాసులు తాగాలి. నాంచారమ్మకు ఆ కుడిది కూడా పోతే బతికించే మందు తన దగ్గర లేదని గట్టిగానే చెప్పారు.

"తాగుతానండీ. తాగి ఏడికెళ్ళాలో అది కూడా ఆ చీటీ మీద రాయండి."

నాకు చెంప పగిలినట్టైంది. పదకొండేళ్ళు మా మెట్టు మీద కూర్చుంది. మెట్టుకు ఇరవై అడుగుల్లో మా పెరటి దొడ్డి ఉంది.

"ఒక్కరోజన్నా మమ్మల్ని అడక్కపోయావా?" అన్నాను. నా గొంతులో కోపం ఎవరిమీదో నాకే తెలియలేదు.

"చేపల బుట్టదాన్ని, పెరట్లోకి రానియ్యండని ఎట్టా అడగనండీ? మీరు రమ్మనలేదుగా."

ఇంటికెళ్ళి శాంతకు చెప్పాను. వాసనా మైలా అని వాదిస్తుందేమోనని జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె తలెత్తకుండా, "రేపట్నుంచే రమ్మనండి" అంది.

పది రోజులకు నాంచారమ్మ కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి, పెరటి తలుపు చూపించి, గడియ కూడా ఉందని చెప్పాను. ఏదో ఘనకార్యం చేసినట్టు ఛాతీ పొంగింది. ఆదెమ్మ చెంబు ఖాళీ చేసింది. నాంచారమ్మ మళ్ళీ నింపించుకుని సగం తాగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్న శాంత వైపు చూసింది. మా ఆవిడ ముందర కాఫీ గ్లాసు ముట్టకుండా అలాగే ఉంది.

"మీరు తాగరేందమ్మా?"

"బడికి వేళైంది నాంచారమ్మా, ఇప్పుడొద్దు."

నాంచారమ్మ ఆమెనే చూస్తూ ఉండిపోయింది. "మీ బడిలోనూ లేదా పంతులమ్మగారూ?"

శాంత నా వైపు చూడలేదు. "ఒకటుంది. హెడ్మాస్టరుగారిది. తాళం ఆయన దగ్గరే ఉంటుంది."

"ఎన్నేళ్ళయిందండీ?"

"పదిహేడు."

పదిహేడేళ్ళు! నడుం నొప్పంటే, నిలబడి పాఠాలు చెబితే నొప్పి పుట్టదా అన్నవాణ్ణి నేను. ఊళ్ళోవాళ్ళ మూత్రపిండాలన్నీ దీపానికి ఎత్తి చూసే ఉద్యోగం నాది.

నాంచారమ్మ పక్కనున్న ఖాళీ గ్లాసొకటి కడిగి, చెంబులో నీళ్ళు పోసి శాంత చేతిలో పెట్టింది.

"తాగండమ్మా. తాగి, పోయి తాళం అడగండి. నేనడగలేదు, నాకొకటి పోయింది."

శాంత గ్లాసెడూ తాగేసింది. ఇంకో గ్లాసు పోయమని తాగి, చేతిసంచి తగిలించుకుని బడికి బయల్దేరింది.