దొరకకూడదని వెతికిన కాగితం

మా అమ్మమ్మను వీధిలో అందరూ కాజాలమ్మ అంటారు. చొక్కాకు గుండీ దూరే కన్నం చుట్టూ దారంతో దగ్గరదగ్గరగా కుట్టు వేస్తారే, అదే కాజా. ఇప్పుడా పని మిషన్లు చేస్తాయి. కానీ మిషను కాజా నాలుగు ఉతుకులకే నోరు తెరుస్తుందని, కాస్త పట్టింపు ఉన్న దర్జీలు ఇంకా మా అమ్మమ్మకే చొక్కాలు పంపుతారు. రోజుకు అరవై కాజాలు. కళ్ళజోడు ముక్కు చివర, సూది పెదాల మధ్య. ఆ సూది జారకుండా నన్ను తిట్టగల విద్య ఈ లోకంలో ఆవిడ ఒక్కదానికే వచ్చు.

చెప్పులు బాగుచేసే కొట్టు పైన, మూడో అంతస్తులో ఒకే ఒక గది ఆవిడది. కిటికీ పక్కన కుర్చీ, కుర్చీ పక్కన గుండీల డబ్బాలు, ఒక మంచం, ఒక స్టవ్వు. అన్నం నిలబడే తింటుంది. ఒక్కదానికి కూర్చుని వడ్డించుకోవడమేమిటట! మాట్లాడేందుకు మనిషి లేకపోతే చొక్కాలతో మాట్లాడుతుంది. "నీకు పొట్ట పెరిగిందయ్యా, పోయినేడు ఇంత వెడల్పు లేవు నువ్వు" అని ముఖం కూడా తెలియని ఎవరి చొక్కానో మందలిస్తుంటే నేను గుమ్మంలో నిలబడి నవ్వేదాన్ని. మా అమ్మ ఎన్నిసార్లు పిలిచినా మా ఇంటికి రాదు. "మీ ఇంట్లో వెలుతురు లేదే, నా కంటికి ఆనదు" అంటుంది. మా ఇంటికి నాలుగు కిటికీలు. ఆవిడ గదికి ఒకటి.

తాతయ్య సంగతి అడిగితే ఒకటే మాట: "పోయాడు." ఆ తర్వాత దారం పళ్ళతో కొరికేది. దాంతో ఆ కథ అయిపోయినట్టే. పోయినవాళ్ళ గురించి తవ్వకూడదని నేనూ నోరు మూసుకునేదాన్ని. నేను నోరు మూసుకున్న విషయాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో ఇదొకటి.

నా చదువు గొప్ప కూడా చెప్పాలి. పదో తరగతి పరీక్షకూ నాకూ రెండుసార్లు పోటీ జరిగింది, రెండుసార్లూ అదే గెలిచింది. ఇప్పుడు జెరాక్స్ కొట్లో పని చేస్తున్నాను. ఎదురుగానే జనన మరణాలు నమోదు చేసే ఆఫీసు. పొద్దస్తమానం నా చేతుల మీదుగా వెళ్ళేవి ఆ కాగితాలే కాబట్టి మా ఇంట్లో ఏ నోటీసు వచ్చినా నా ముందే పెడతారు. చెట్టులేని చోట ఆముదం చెట్టే కదా మహావృక్షం.

అలా నా ముందుకొచ్చింది అమ్మమ్మ గది నోటీసు. భవనం కొత్తవాళ్ళ చేతికి వెళ్ళింది. గది అద్దె ఒప్పందం తాతయ్య పేరున ఉంది. నాలుగు నెలల్లోగా ఆయనైనా వచ్చి సంతకం పెట్టాలి, లేదా ఆయన మరణ పత్రం తెచ్చి భార్య తన పేరుకు మార్చుకోవాలి. రెండూ కాకపోతే గది ఖాళీ చేయాలి.

"ఇంతేనా? అరగంట పని అమ్మమ్మా" అని ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఎదురాఫీసుకు తీసుకెళ్ళాను.

మరణాల కిటికీ దగ్గర ఉండే గుమాస్తా గారు మహా నిదానస్తుడు. ఆయన కాగితం ఇచ్చేలోపు అడిగినవాళ్ళ కాగితం కూడా రాసుకోవాల్సి వస్తుందని మా కొట్లో జోకు. ఆయన కలం మూత తీసి, పక్కన పెట్టి, దాన్ని ఇంకొంచెం పక్కకు జరిపి, అప్పుడు అడిగాడు.

"చనిపోయినవారు మీకేమవుతారమ్మా?"

"మా ఆయన."

"ఎప్పుడు పోయారు?"

"ముప్పై ఒక్క ఏళ్ళయింది. మంగళవారం పొద్దున. వాన పడుతోంది."

"ఎక్కడ పోయారు? ఇంట్లోనా, ఆసుపత్రిలోనా?"

"బస్సులో."

కలం ఆగింది. "అయ్యో! ప్రయాణంలో ఉండగానా? గుండెపోటా?"

"గుండెపోటెందుకు బాబూ? శుభ్రంగా టికెట్టు కొనుక్కునే పోయాడు."

వరసలో మా వెనకున్నాయనకు దగ్గొచ్చింది. గుమాస్తా గారు గొంతు తగ్గించాడు. "అది కాదమ్మా, ప్రాణం ఎక్కడ పోయిందని అడుగుతున్నాను."

"నాకెలా తెలుస్తుంది? దాన్నీ వెంటే తీసుకుపోయాడుగా."

నేను అమ్మమ్మ చెయ్యి పట్టుకుని లాగాను. "అమ్మమ్మా! తాతయ్య చచ్చిపోలేదా?"

"చచ్చిపోయాడని నేనెప్పుడన్నానే? పోయాడన్నాను."

ఆ సాయంత్రం ఈ వింతంతా మా అమ్మకు చెబితే, ఆవిడ బట్టలు మడతపెట్టడం కూడా ఆపలేదు. "అప్పుడు నాకు ఏడేళ్ళు. చిన్నదాన్నే గానీ చెవిటిదాన్ని కాదుగా. ఆవిడ ఆ మాటనే పట్టుకుని ఉంది, ఎందుకు లాక్కోవడమని ఊరుకున్నాను" అంది. ఇంట్లో తెలియనిది నాకొక్కదానికే అన్నమాట. అందరిలోకీ ఎక్కువ మాట్లాడేదాన్ని నేనే.

ఆ రోజు గుమాస్తా గారు ఓపిగ్గా చెప్పిందేమిటంటే, చావు ఎక్కడ జరిగితే దాని కాగితం అక్కడే పుడుతుంది. ఏ ఊరో చెబితే ఆ ఊరి ఆఫీసుకు ఆయన రాస్తాడు. మనిషి పేరు, తండ్రి పేరు, పుట్టిన ఏడు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా వెతకాలి, అడుగుతున్నవాళ్ళు ఏమవుతారు, ఎందుకు కావాలి, ఇవన్నీ ఉండాలి. వాళ్ళు పాత రిజిస్టర్లు తిరగేసి, ఉంటే నకలు పంపుతారు, లేకపోతే 'దొరకలేదు' అని రాస్తారు. జవాబుకు నాలుగు వారాలు.

"లేదంటే కోర్టుకెళ్ళొచ్చమ్మా. ఇన్నేళ్ళు జాడలేని మనిషిని చనిపోయినట్టే ప్రకటిస్తారు."

"ఉన్నాడో లేడో తెలియని మనిషిని చంపెయ్యండని నేనెళ్ళి అర్జీ పెట్టనా? మీరు ఉత్తరమే రాయండి బాబూ" అంది అమ్మమ్మ. ఊరి పేరు అడిగితే కాసేపు ఆలోచించి, సముద్రం పక్కనున్న రేవు పట్నం పేరు చెప్పింది. గుండీల డబ్బా అడుగు నుంచి పెళ్ళి కాగితం తెచ్చిస్తే, జెరాక్స్ నేనే తీశాను.

నాలుగు వారాలకు 'దొరకలేదు' అని వచ్చింది. నేను ముఖం వేలాడేసుకుని మూడంతస్తులూ ఎక్కాను. అమ్మమ్మ సూది ఆపి, "మళ్ళీ చదువు" అంది. చదివాను. "ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా చూశారట?" అదీ చదివాను. "బాగా చూశారంటావా?" "రెండుసార్లు చూశామని రాశారు." అప్పుడు లేచి నాకు టీ పెట్టింది. ఎప్పుడూ నీళ్ళలాంటి టీ ఇచ్చే మనిషి ఆ రోజు ధారాళంగా పాలు పోసింది.

రెండోసారి మిల్లులున్న ఊరికి రాయించింది. అక్కడా దొరకలేదు. ఈసారి ఆవిడ కూని రాగం తీస్తుంటే మెట్ల మీదికే వినబడింది. తాతయ్య గురించి నేను అడగకుండానే చెప్పింది. ఆయన దర్జీ. సుద్దగీత పెట్టకుండా గుడ్డ కత్తిరించేవాడు. ఆయన కుట్టిన చొక్కాలకు ఈవిడ కాజాలు వేసేది. ఇద్దరూ ఆ కిటికీ దగ్గరే ఎదురెదురుగా కూర్చునేవారు. మాటా మాటా పెరిగిన రోజున కూడా ఆయన కత్తిరించిన గీత వంకర పోయేది కాదట.

"మరి ఆ మంగళవారం ఏం చెప్పి వెళ్ళాడు?"

"వస్తా అన్నాడు."

"అమ్మమ్మా! గుమ్మం దిగేవాళ్ళు అందరూ అదే అంటారు. పోతా అని ఎవరంటారు?"

"అందరి సంగతీ నాకెందుకే? ఆయన నాతో అన్నాడు."

మా ఇంట్లో వెలుతురు ఎందుకు లేదో అప్పుడు నాకు తెలిసింది. మా ఇల్లు ఎక్కడో తాతయ్యకు తెలియదు. ఈ గది తెలుసు.

మూడోసారి కొండ మీది ఊరు. మళ్ళీ దొరకలేదు. అమ్మమ్మ గదిలో ఆనందం పెరిగేకొద్దీ మా ఇంట్లో కంగారు పెరిగింది. గడువుకు అయిదు వారాలే ఉన్నాయి. ఆ రోజు గుమాస్తా గారు కిటికీలోంచి నన్ను చేత్తో పిలిచాడు.

"అమ్మాయ్, మా నాన్న బస్సు కండక్టరు. మీ అమ్మమ్మ చెప్పిన మూడు ఊళ్ళలో ఒక్కదానికీ ఆ రోజుల్లో ఇక్కణ్ణుంచి బస్సు లేదు. పొద్దున బయల్దేరేది ఒక్కటే బస్సు. అది వెళ్ళేది ఒక్క ఊరికే."

ఆయన నిదానమంతా ఆలోచనేనని నాకప్పుడు అర్థమైంది. పైకెళ్ళి నిలదీశాను.

"అమ్మమ్మా, నిజం చెప్పు. ఆ బస్సు బోర్డు చదివావా లేదా?"

ఆవిడ సూదిని చొక్కాకే గుచ్చి వదిలేసింది. "చదివాను."

"మరి ఆ ఊరు చెప్పవేం?"

"ఆ ఊళ్ళో వెతికితే దొరుకుతాడేమోనే."

నాకు వెటకారం వచ్చినంత తొందరగా ఓదార్పు రాదు. ఏమీ తోచక గుండీలు రంగులవారీగా ఏరుతూ కూర్చున్నాను. అప్పటికే ఏరి ఉన్నాయవి. కాసేపటికి ఆవిడే అంది: "అడక్కపోతే గది పోతుంది. గది పోతే వచ్చినా ఎక్కడికొస్తాడు? అడిగితే..." అని ఆగిపోయింది. మర్నాడు నన్ను పిలవకుండా తనే ఎదురాఫీసుకు వెళ్ళింది. మా కొట్లోంచి చూస్తూనే ఉన్నాను. వరసలో నిలబడి, తన వంతు రాగానే కిటికీలోకి వంగి ఒక్క మాట చెప్పి వచ్చేసింది.

పదహారో రోజున గుమాస్తా గారు రోడ్డు దాటి మా కొట్టుకొచ్చాడు. ఆయన కుర్చీ దిగగలడనే నాకు తెలియదు. చేతిలో కవరు. "నువ్వే చదివి చెప్పమ్మా, నేను చెప్పలేను" అన్నాడు.

దొరికాడు. తొమ్మిదేళ్ళ కిందట, చలికాలంలో. వయసు రాశారు, తండ్రి పేరు రాశారు. వృత్తి: దర్జీ. సమాచారం ఇచ్చినవారు: ఇంటి యజమాని. ఇంకో గడిలో, భార్య: మరణించినది.

అమ్మమ్మకు అన్నీ చదివాను, ఆ ఒక్కటీ మింగేశాను. ఆవిడ ఊరుకోదుగా. వేలుతో గడులు లెక్కపెట్టుకుంటోంది. "ఒకటి వదిలేశావు, దొంగపిల్లా." చదవక తప్పలేదు.

"అదేమిటి? ఎవరు రాశారు?"

"ఇంటాయన్ని అడిగి రాసుంటారు అమ్మమ్మా. భార్య ఎక్కడుందని అడిగితే, పోయిందని తాతయ్య చెప్పేవాడని ఆయన అని ఉంటాడు. వాళ్ళు అలా రాసేశారు."

"పోయింది అన్నాడా?"

"అనుంటాడు."

ఆవిడ గదంతా ఒకసారి చూసింది. "నేను ఇక్కడే ఉన్నాను కదే" అంది.

ఏడవలేదు. ఆ రోజు చొక్కాలతో కూడా మాట్లాడలేదు. మూడు కాజాలు తప్పు వేసి విప్పింది. నాకు తెలిసి ఆవిడ కాజా విప్పడం అదే మొదలు.

మర్నాడు ఇద్దరం ఆఫీసుకెళ్ళాం. గుమాస్తా గారు మరణ పత్రాల్లో రెండు రకాలుంటాయని చెప్పాడు. ఒకటి అన్ని గడులూ ఉన్నది, ఇంకొకటి చనిపోయిన మనిషి వివరాలు మాత్రమే ఉండే చిన్నది. గదికి చిన్నది చాలు. "మరి ఆ భార్య గడి తప్పుగా ఉందిగా బాబూ" అంది అమ్మమ్మ. దిద్దించుకోవచ్చు, కానీ ఇంకో అర్జీ, పెళ్ళి కాగితం, అమ్మమ్మ బతికే ఉన్నట్టు అధికారి సంతకం, ఏడాదైనా పట్టొచ్చు అన్నాడాయన. "ఎందుకొచ్చిన గొడవ, వదిలెయ్" అని నేను మోచేత్తో పొడిచాను.

"అర్జీ పెట్టండి బాబూ" అంది అమ్మమ్మ. "ఆయన ఏమని చెప్పుకున్నాడో ఆయనిష్టం. కాగితంలో మాత్రం నేను బతికుండాలి."

గుమాస్తా గారు కలం మూత చటుక్కున తీశాడు.

గడువుకు నాలుగు రోజుల ముందు భవనం కొత్తవాళ్ళ ఆఫీసులో గది పని జరిగింది. అక్కడి ఆవిడ చిన్న పత్రం చూసి, తాతయ్య పేరు కొట్టేసి, అమ్మమ్మ పేరు రాసి, "ఏడాదికా పెద్దమ్మా, అయిదేళ్ళకా?" అని అడిగింది. నేను చెవిలో, "ఏడాది చాలు. ఆ తర్వాత మా ఇంటికి వచ్చెయ్యి. ఇంకా ఎవరి కోసం?" అన్నాను.

"అయిదేళ్ళు రాయమ్మా" అంది అమ్మమ్మ.

వస్తూ దారంతా సణిగాను. మూడో అంతస్తు చేరాక ఆవిడ ఆయాసం తీర్చుకుని అంది: "మీ ఇంటికొస్తే మీ అమ్మకు అమ్మను, నీకు అమ్మమ్మను. ఇక్కడైతే నేనేమిటో కాస్త చూసుకోవాలి. ఇన్నేళ్ళూ తీరలేదు."

"నేనూ లోపలికి రానా? టీ పెడతాను."

"నీ టీ ఎవడు తాగుతాడే? ఇంటికెళ్ళు, మీ అమ్మ చూస్తూ ఉంటుంది."

పగటిపూట ఆవిడ ఎప్పుడూ తలుపు దగ్గరగా వేసి ఊరుకునేది. ఎవరు తోసినా తెరుచుకునేది. నేను మూడు మెట్లు దిగానో లేదో, లోపల గడియ పెట్టిన చప్పుడైంది. అక్కడే కూర్చుండిపోయాను. తట్టితే తీస్తుందని తెలుసు. తట్టలేదు.